ఆటో మోడ్ దాటి: డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలో ఏ బటన్ ఎందుకు, ఏ వరుసలో నేర్చుకోవాలి

ఇంట్లో ఒక తెల్ల పంచె, ఒక నల్ల గొడుగు వెతకండి. లెన్స్ మీది స్విచ్‌ను ఎంఎఫ్ (చేత్తో ఫోకస్) వైపు జరిపి, పైనున్న మోడ్ డయల్‌ను పి (వెలుతురు లెక్క కెమెరాదే) దగ్గర పెట్టి, పంచె ఫ్రేమంతా నిండేలా ఒక ఫొటో తీయండి. గొడుగు విప్పి, అదే వెలుగులో దాన్నీ అలాగే తీయండి. ఇప్పుడు రెండూ పక్కపక్కన చూడండి. పంచె నెల రోజులుగా ఉతకనట్టు బూడిద రంగులో ఉంటుంది. గొడుగు పదేళ్లు ఎండలో వెలిసినట్టు దాదాపు అదే బూడిద రంగులో ఉంటుంది.

కెమెరా పాడవలేదు. దానిలో వెలుతురు కొలిచే మీటర్‌కు తెలుపు, నలుపు తెలియవు, అంతే. ఎదురుగా ఉన్నది ఏదైనా సరే, సగటున ఒక మధ్యరకం బూడిద రంగు అనుకుని, ఫొటో ఆ స్థాయికి వచ్చేలా లెక్క కడుతుంది. డీఎస్‌ఎల్‌ఆర్ మీద కనిపించే బటన్లలో సగం, కెమెరా కట్టే లెక్కను మనం సరిదిద్దడానికే ఉన్నాయి. అందుకే బటన్ల పేర్లు బట్టీ పట్టడం కంటే, కెమెరా ఎక్కడ తప్పుగా ఊహిస్తుందో పసిగట్టడం ముందు నేర్చుకోవాలి.

ఉదాహరణకు కానన్ 1500డి తీసుకుంటున్నాను. 2018లో వచ్చిన 24.1 మెగాపిక్సెళ్ల కెమెరా ఇది. కంపెనీల దృష్టంతా లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వైపు మళ్లిపోయాక ఇలాంటివి చాలామంది చేతికి సెకండ్‌హ్యాండ్‌లో వస్తున్నాయి. మీది నికాన్ అయినా ఇబ్బంది లేదు. కానన్ డయల్ మీద ఏవీ, టీవీ అని ఉండేవి నికాన్‌లో ఏ, ఎస్ అని ఉంటాయి. పని ఒకటే.

1. కన్ను, పట్టు, సగం నొక్కుడు

కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది. ఎవరూ దాన్ని పట్టించుకోరు. లెన్స్‌ను ఖాళీ గోడ వైపు తిప్పి, లోపల కనిపించే 9 ఫోకస్ పాయింట్లు మీ కంటికి స్పష్టంగా కనిపించే వరకు ఆ చక్రాన్ని తిప్పండి. ఫొటోలో ఏమీ మారదు, మీకు కనిపించేది మారుతుంది. "ఈ కెమెరాలో అంతా మసగ్గా ఉంది" అని రిపేరు షాపుకు తీసుకెళ్లినవాళ్లను చూశాను. వాళ్లకు కావలసింది ఈ చక్రాన్ని కాస్త తిప్పడమే.

ఎడమ అరచేయి లెన్స్ కింద ఉండాలి, పక్కన కాదు. మోచేతులు పక్కటెముకలకు ఆనించాలి.

ఇక ఫొటో తీసే షట్టర్ బటన్. ముందు లెన్స్ స్విచ్‌ను మళ్లీ ఏఎఫ్ (ఆటో ఫోకస్) వైపు జరపండి. బటన్‌కు రెండు మెట్లున్నాయి. సగం నొక్కితే ఫోకస్, వెలుతురు లెక్క రెండూ జరుగుతాయి. వ్యూఫైండర్‌లో కుడివైపు కింద ఆకుపచ్చ చుక్క వెలిగి, బీప్ వినిపిస్తుంది. అప్పుడు పూర్తిగా నొక్కాలి. చుక్క మిణుకుమిణుకుమంటుంటే ఫోకస్ దొరకలేదని అర్థం. ఒక పూట ఫొటోలేమీ తీయకుండా, సగం నొక్కి వదలడం ఒక్కటే చేయండి. స్కూటర్ క్లచ్ లాగే ఇది వేలికి తెలియాలి.

వ్యూఫైండర్ కింద 250 అని కనిపిస్తే, కాంతిని లోపలికి వదిలే షట్టర్ తెరుచుకుని ఉండేది సెకనులో 250వ వంతు. 2 పక్కన రెండు చిన్న గీతలుంటే పూర్తిగా 2 సెకన్లు. ఈ తేడా గమనించక రాత్రి ఫొటోలన్నీ చేతితో తీసి, దీపాలన్నీ నూలు పోగుల్లా వచ్చాయని బాధపడేవాళ్లు ఎక్కువ.

2. ఫోకస్ ఎక్కడ అన్నది మీరే చెప్పండి

మా పిన్ని కొడుకు పెళ్లిలో తలంబ్రాల దగ్గర నేను వరసగా నలభై ఫొటోలు కొట్టాను. పెళ్లికూతురి నవ్వు ఒక్కదాంట్లోనూ స్పష్టంగా రాలేదు. పళ్లెం పట్టుకున్న పంతులుగారి చేయి మాత్రం వెంట్రుకలతో సహా అద్భుతంగా వచ్చింది. కారణం తర్వాత తెలిసింది. 9 పాయింట్లలో ఏది వాడాలో కెమెరాకే వదిలేస్తే, అది సాధారణంగా అన్నిటికంటే దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. పెళ్లిలో దగ్గరగా ఉండేవి దండలు, పళ్లేలు, అడ్డొచ్చే మేనమామలు.

దీనికి మందు సులువే. మోడ్ డయల్‌ను ఏ ప్లస్ (పూర్తి ఆటో) నుంచి పి దగ్గరకు తెండి. ఏ ప్లస్‌లో పాయింట్ ఎంచుకోనివ్వదు. వెనక కుడివైపు పైమూలన ఉన్న ఫోకస్ పాయింట్ బటన్ నొక్కి, బాణం బటన్లతో మధ్య పాయింట్ ఒక్కటే వెలిగేలా పెట్టండి. ఈ కెమెరాలో క్రాస్ టైప్ పాయింట్ అదొక్కటే. నిలువు గీతలనూ అడ్డగీతలనూ రెండిటినీ పట్టగలదు కాబట్టి తక్కువ వెలుతురులో మిగతావాటి కంటే నమ్మకస్తురాలు. మధ్య పాయింట్‌ను కంటి మీద పెట్టి, సగం నొక్కి, వేలు తీయకుండా కెమెరాను కాస్త పక్కకు జరిపి ఫ్రేమ్ సరిచేసుకుని, పూర్తిగా నొక్కండి.

కుడి బాణం బటన్ మీద ఏఎఫ్ అని ఉంటుంది. అందులో మూడు రకాలున్నాయి. కదలనివాటికి వన్ షాట్. పరుగెత్తే పిల్లలు, కోడిపందెం, కబడ్డీకి ఏఐ సర్వో. ఇందులో మీరు సగం నొక్కి ఉంచినంతసేపూ ఫోకస్ వెంటపడుతూనే ఉంటుంది, బీప్ రాదు. మూడోది ఏఐ ఫోకస్, ఏది వాడాలో తానే నిర్ణయిస్తానంటుంది. నేను దాన్ని నమ్మను.

3. ఏవీ మోడ్: రంధ్రం ఎంత తెరవాలి

ఈ మెట్టు దగ్గర కనీసం రెండు వారాలు ఉండండి. నా లెక్కలో కెమెరాతో గడిపే సమయంలో ముప్పాతిక భాగం ఇక్కడే గడుస్తుంది.

ఏవీలో మీరు అపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం ఎంతో చెబుతారు, షట్టర్ వేగం కెమెరా చూసుకుంటుంది. షట్టర్ బటన్ వెనకున్న చక్రం తిప్పితే ఎఫ్ సంఖ్య మారుతుంది. సంఖ్య చిన్నదైతే రంధ్రం పెద్దది. ఈ తలకిందుల లెక్క అందరినీ తికమక పెడుతుంది కానీ, అది ఒక భాగహారం మాత్రమే. లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద మి.మీ.లలో రాసి ఉండే సంఖ్య) ఎఫ్ సంఖ్యతో భాగిస్తే రంధ్రం వ్యాసం వస్తుంది. 50 మి.మీ. లెన్స్ ఎఫ్/1.8 వద్ద రంధ్రం సుమారు 28 మి.మీ. కెమెరాతో వచ్చే 18-55 లెన్స్ 55 దగ్గర ఎఫ్/5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు, అంటే సుమారు 10 మి.మీ. అంతే. కిట్ లెన్స్‌తో వెనకభాగం వెన్నలా కరిగిపోవడం లేదేమని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

అయితే రంధ్రం పెద్దదైతే మరో చిక్కుంది. 1500డి మీద 50 మి.మీ. లెన్స్ పెట్టి, మీటరున్నర దూరంలో కూర్చున్న మనిషిని ఎఫ్/1.8 దగ్గర తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు మొత్తం దాదాపు 6 సెం.మీ. కన్ను బాగుంటే చెవి పోతుంది. మొహం కొద్దిగా పక్కకు తిరిగితే ఒక కన్నే మిగులుతుంది. ఎఫ్/5.6కు వస్తే అదే లోతు సుమారు 19 సెం.మీ. అవుతుంది. కొత్తగా 50 లెన్స్ కొన్నవాళ్లు నెలరోజుల పాటు అన్నీ 1.8 లోనే తీస్తారు. నేనూ తీశాను. ఒక్క మొహానికి 2.2 నుంచి 2.8, రెండు వరసల కుటుంబం ఫొటోకు 5.6 నుంచి 8, పొలాలకు, కొండలకు 8 నుంచి 11. ఎఫ్/16 దాటితే కాంతి ఆ చిన్న రంధ్రం అంచుల దగ్గర చెదిరి ఫొటో మొత్తం కొంచెం మెత్తబడుతుంది. కాబట్టి సంఖ్య ఎంత పెద్దదైతే అంత స్పష్టం అనుకోవద్దు.

ఇంట్లో చేయదగ్గ అభ్యాసం: వంటింటి గట్టు మీద పచ్చడి జాడీలు మూడు, ఒకదాని వెనక ఒకటి, జానెడు దూరంలో పెట్టండి. జూమ్ 55 దగ్గర ఉంచి మధ్య జాడీ మీద ఫోకస్ చేయండి. 5.6, 8, 11, 16 దగ్గర నాలుగు ఫొటోలు తీసి, ముందు జాడీ మీది గీతలు, వెనక జాడీ మీది గీతలు ఎప్పుడు విడివిడిగా కనిపిస్తున్నాయో చూడండి. వెలుతురు చాలకపోతే కెమెరాను ఏదైనా పెట్టె మీద ఉంచి, ఎడమ బాణం బటన్‌తో 2 సెకన్ల టైమర్ పెట్టండి. వేలు తగిలిన కుదుపు ఆ 2 సెకన్లలో సద్దుమణుగుతుంది.

4. పంచెకు ప్లస్, గొడుగుకు మైనస్

ఇప్పుడు మొదటి ప్రయోగానికి తిరిగి వెళదాం. తెర పక్కన ఏవీ, ప్లస్, మైనస్ గుర్తులున్న బటన్ ఉంది. దాన్ని నొక్కి పట్టుకుని పైచక్రం తిప్పండి. వ్యూఫైండర్ కింద గీత జరుగుతుంది. పంచెకు ప్లస్ 1 నుంచి ప్లస్ 1⅔ వరకు, గొడుగుకు మైనస్ 1 నుంచి మైనస్ 1⅔ వరకు పెట్టి మళ్లీ తీయండి. తెలుపు తెల్లగా, నలుపు నల్లగా వస్తాయి. ఒక్కో అంకె ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం.

వరిపొలంలో కొంగ చిన్నదిగా ఉంటే చుట్టూ ఉన్న పచ్చదనాన్ని చూసి మీటర్ లెక్క కడుతుంది, కొంగ తెల్లగా కొట్టుకుపోతుంది, ఈకలు కనిపించవు. అక్కడ మైనస్ కావాలి. అదే కొంగ ఫ్రేమంతా నిండితే ప్లస్ కావాలి. తెల్ల వస్తువుకు ఎప్పుడూ ప్లస్ అని కంఠస్థం చేసినవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. చూడాల్సింది ఫ్రేములో ఏ రంగు ఎక్కువ స్థలం ఆక్రమించింది అన్నది.

కిటికీకి వీపు చేసి కూర్చున్న అమ్మమ్మ మొహం నల్లగా వస్తే ప్లస్ 1 లేదా ప్లస్ 2. కిటికీ తెల్లబడిపోతుంది, పోనివ్వండి, మీకు కావలసింది అమ్మమ్మ.

తీసిన ఫొటో చూస్తూ డిస్ప్ బటన్‌ను వివరాలతో కూడిన తెర వచ్చేదాకా నొక్కండి. మరీ తెల్లబడిన చోట్లు మిణుకుమంటాయి. ఆకాశంలో సూర్యుడు మిణుకుమంటే నష్టం లేదు. పెళ్లికూతురి నుదురు మిణుకుమంటే వెంటనే మైనస్‌కు వెళ్లాలి. అక్కడ పోయిన వివరాన్ని తర్వాత తిరిగి రప్పించడం కష్టం.

5. టీవీ మోడ్, సీలింగ్ ఫ్యాన్

టీవీలో మీరు షట్టర్ వేగం చెబుతారు, అపర్చర్ కెమెరా చూసుకుంటుంది. షట్టర్ వేగం నేర్చుకోవడానికి జలపాతాల దాకా వెళ్లనక్కర్లేదు. తల పైకెత్తితే చాలు. 1200 మి.మీ. సీలింగ్ ఫ్యాన్ నిమిషానికి 350 చుట్లు తిరుగుతోందనుకుందాం. రెక్క కొన సెకనుకు దాదాపు 22 మీటర్లు ప్రయాణిస్తుంది. సెకనులో 30వ వంతు షట్టర్‌తో తీస్తే ఆ లోపు కొన 70 సెం.మీ. పైగా కదిలిపోతుంది, ఫొటోలో రెక్కలుండవు, ఒక గుండ్రటి పొగ ఉంటుంది. 1000వ వంతుతో తీస్తే కదిలేది 2 సెం.మీ. మాత్రమే, రెక్కలు లెక్కపెట్టవచ్చు. పగలు కిటికీలన్నీ తెరిచి, పై బాణం బటన్‌తో ఐఎస్ఓ (కాంతికి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 6400 పెట్టి, టీవీ మోడ్‌లో 30 నుంచి 1000 వరకు వరసగా తీయండి.

మధ్యలో అపర్చర్ సంఖ్య మిణుకుమంటే గమనించండి. లెన్స్ పూర్తిగా తెరిచినా వెలుతురు చాలడం లేదు, ఫొటో చీకటిగా వస్తుందని కెమెరా చెబుతోంది.

చేతి వణుక్కు ఒక పాత లెక్క ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను 1.6తో హెచ్చించి, కనీసం అంతవంతు షట్టర్ వాడాలి. 1500డిలో కాంతిని పట్టే సెన్సర్ పాత ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నది కాబట్టి ఆ 1.6. అంటే 55 దగ్గర సుమారు 90వ వంతు. లెన్స్ పేరులో ఐఎస్ (కుదుపును తగ్గించే ఏర్పాటు) అని ఉంటే ఇంకా నెమ్మదిగా కూడా నిలబడుతుంది. కానీ ఐఎస్ ఆపేది మీ చేతి వణుకునే. పిల్లాడి పరుగును కాదు. పరుగుకు 500వ వంతు, కోలాటానికి 250వ వంతు నుంచి మొదలుపెట్టి చూడండి.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. ట్యూబ్‌లైట్లు, చౌక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. ఫంక్షన్ హాల్లో 500వ వంతుతో తీస్తే ఒక ఫొటో పసుపుగా, ఇంకోటి చీకటిగా, మరోదానిలో అడ్డంగా చారలతో వచ్చేది ఇందుకే. షట్టర్‌ను 100 లేదా 50 దగ్గరకు తెస్తే ఈ గొడవ చాలావరకు పోతుంది. వీడియోకు మెనూలో పాల్ (మన దేశపు వీడియో పద్ధతి) ఎంచుకుని, 25 ఫ్రేములు, 50వ వంతు షట్టర్ పెట్టాలన్నదీ ఇదే లెక్క.

6. ఐఎస్ఓ

పై బాణం బటన్. 100 నుంచి 6400 వరకు. పెంచితే తక్కువ వెలుతురులోనూ వేగంగా తీయవచ్చు, బదులుగా ఫొటోలో గరుకు పెరుగుతుంది. ఎండలో 100, వరండాలో 400, రాత్రి ఇంట్లో 1600 నుంచి 3200. గరుకుకు భయపడి 400 దగ్గరే ఉండి కదిలిపోయిన ఫొటోలు తెచ్చుకోకండి. గరుకును కంప్యూటర్‌లో తగ్గించుకోవచ్చు, కదిలిన మొహాన్ని నిలబెట్టలేం.

ఆటో ఐఎస్ఓ మంచిదే, మెనూలో గరిష్ఠ పరిమితి 3200గా పెట్టండి. ఒక్క జాగ్రత్త. ఏవీ మోడ్, ఆటో ఐఎస్ఓ కలిసినప్పుడు కెమెరా చేతి వణుకు వరకే లెక్క వేసి షట్టర్ వేగం ఎంచుకుంటుంది. ఎదురుగా మనవడు గెంతుతున్నాడని దానికి తెలియదు. అప్పుడు టీవీకి మారండి.

7. ఎం మోడ్ ఎప్పుడు?

ఎంలో అపర్చర్, షట్టర్ వేగం రెండూ మీరే చెబుతారు. ఎం మోడ్ వాడితేనే ఫొటోగ్రాఫర్ అన్న మాట నేను ఒప్పుకోను. వెలుతురు మారకుండా ఫ్రేము మారుతున్నప్పుడు దాని అవసరం వస్తుంది. కూచిపూడి ప్రదర్శన తీసుకోండి. వెనక నల్ల తెర, మొహం మీద లైటు. ఏవీలో మీటర్ నల్ల తెరను బూడిదగా మార్చాలని చూసి మొహాన్ని సున్నం కొట్టినట్టు చేస్తుంది. నర్తకి దగ్గరగా వస్తే ఒక లెక్క, దూరంగా వెళితే ఇంకో లెక్క.

డయల్ ఎం దగ్గర పెట్టండి. చక్రం తిప్పితే షట్టర్, ఏవీ బటన్ నొక్కి పట్టుకుని తిప్పితే అపర్చర్. 50 లెన్స్ ఉంటే ఎఫ్/2.2, 320వ వంతు, ఐఎస్ఓ 1600తో మొదలుపెట్టండి. మొహం తీసి చూడండి, తెల్లబడితే షట్టర్ వేగం పెంచండి, చీకటైతే ఐఎస్ఓ పెంచండి. మొహం కుదిరాక ఆ లైటింగ్ ఉన్నంతసేపు దేన్నీ ముట్టుకోవద్దు. మీటర్ గీత మైనస్ వైపు మొత్తుకుంటున్నా పట్టించుకోవద్దు. అది నల్ల తెర గురించి మొత్తుకుంటోంది.

8. రంగు, రా ఫైలు

కింది బాణం వైట్ బ్యాలెన్స్, అంటే లైటు రంగును బట్టి తెలుపు తెల్లగా వచ్చేలా సరిదిద్దడం. పగలు ఆటో చాలు. పసుపు బల్బుల కింద టంగ్‌స్టన్, చెట్టునీడన షేడ్ పెడితే రంగు సరిపోతుంది. ఈ తలనొప్పి తగ్గాలంటే ఇమేజ్ క్వాలిటీలో రా ప్లస్ జేపెగ్ ఎంచుకోండి. రా అంటే సెన్సర్ పట్టినదాన్ని పట్టినట్టే దాచే ఫైలు. జేపెగ్ ఒక్కో రంగుకు 256 మెట్లే ఇస్తుంది, 14 బిట్ల రా ఫైలు 16,384 మెట్లు దాస్తుంది. వైట్ బ్యాలెన్స్‌ను ఇంటికొచ్చాక కూడా మార్చుకోవచ్చు. కార్డు మాత్రం త్వరగా నిండుతుంది. రంగు మార్చే ఓపిక, కంప్యూటర్ లేనివాళ్లకు జేపెగ్ ఒక్కటే నయం.

9. ఫ్లాష్, లైవ్ వ్యూ

పైకి లేచే చిన్న ఫ్లాష్ బలం 9.2 గైడ్ నంబర్. దాన్ని ఎఫ్ సంఖ్యతో భాగిస్తే ఐఎస్ఓ 100 వద్ద ఎన్ని మీటర్లు చేరుతుందో తెలుస్తుంది. ఎఫ్/4 దగ్గర 2.3 మీటర్లు. ఐఎస్ఓ 800కు పెంచితే సుమారు ఆరున్నర. సభలో చివరి వరస నుంచి వేదిక మీదికి ఫ్లాష్ కొట్టేవాళ్లు వెలిగించేది ముందు కూర్చున్నవాళ్ల బట్టతలలనే. ఫ్లాష్ ఉన్నప్పుడు షట్టర్ 200వ వంతు దాటదు. విడిగా ఫ్లాష్ కొనేవాళ్లు కెమెరా పైనున్న హాట్ షూ (ఫ్లాష్ తగిలించే గాడి) మధ్యలో లోహపు చుక్క ఉందో లేదో ముందు చూడండి. 2019లో వచ్చిన 200డి మార్క్ 2 లాంటి కానన్ మోడళ్లలో అది లేదు. దాని మీదే ఆధారపడే మామూలు ఫ్లాష్‌లు వాటిలో వెలగవు.

లైవ్ వ్యూ నొక్కితే, వ్యూఫైండర్‌కు బొమ్మను పంపే లోపలి అద్దం పైకి లేచి తెర మీద బొమ్మ వస్తుంది. కానీ వేగంగా ఫోకస్ చేసే పరికరం పనిచేసేది అద్దం కిందికి ఉన్నప్పుడే. అందుకే 1500డి లైవ్ వ్యూలో నత్తలా వెతుకుతుంది. కదలని వస్తువులకు, ట్రైపాడ్ మీద, ఆ ప్రాంతాన్ని పెద్దది చేసి చూసుకుంటూ చేత్తో ఫోకస్ చేయడానికి మాత్రం దాన్ని మించింది లేదు.

10. లెన్స్ మార్చడం, దాచడం

స్విచ్ ఆపు, కెమెరా మూతి నేల వైపు, గాలి లేని చోటు. తెల్ల చతురస్రానికి తెల్ల చతురస్రం, ఎర్ర చుక్కకు ఎర్ర చుక్క కలిపి, టక్ అనే వరకు తిప్పాలి. ఈ మోడల్‌లో సెన్సర్ తనంతట తాను దుమ్ము దులుపుకోదు. ఎఫ్/22 దగ్గర ఆకాశాన్ని తీసి చూస్తే దుమ్ము నల్లటి మచ్చలుగా బయటపడుతుంది. రబ్బరు బ్లోయర్‌తో ఊదండి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి. కెమెరా లోపలి అద్దాన్ని వేలితో ముట్టుకోవద్దు.

విశాఖ, కాకినాడ లాంటి తీరప్రాంతాల్లో ఉండేవాళ్లకు అసలు శత్రువు ఫంగస్. తోలు సంచిలో పెట్టి బీరువాలో తోసేస్తే వానాకాలం అయ్యేసరికి లెన్స్ లోపల సాలెగూడు లాంటి పోగులు కనిపిస్తాయి. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ పొట్లాలు, అంతే ఖర్చు. ఏసీ గదిలోంచి ఉక్కలోకి వచ్చేటప్పుడు కెమెరాను అరగంట బ్యాగులోనే ఉంచండి, లేదంటే లెన్స్ మీద మంచు పట్టినట్టు చెమ్మ కమ్ముతుంది.

బ్యాగులో పెట్టేముందు వరసగా చూసుకోండి: ఐఎస్ఓ ఆటో, ప్లస్ మైనస్ గీత సున్నా దగ్గర, లెన్స్ స్విచ్ ఏఎఫ్ వైపు, ఫోకస్ వన్ షాట్, వైట్ బ్యాలెన్స్ ఆటో, టైమర్ తీసేసి ఉందో లేదో. పిన్ని కొడుకు పెళ్లికి ముందు రాత్రి మెహందీలో పెట్టిన 6400, మర్నాడు పట్టపగలు ఎదురుకోలు అయిపోయేదాకా అలాగే ఉండిపోయింది. కార్డు కెమెరాలోనే ఉందా, కంప్యూటర్‌లో మర్చిపోయారా అన్నదీ చూడండి. బ్యాటరీ ఛార్జర్‌లో పెట్టండి.